గొలుసు వేసినవారు నేలయు వేయవలెను

ఇంటికి కావలి కాయు కుక్కకొక గూడు కట్టింపవలెనని తలంచిన గృహస్థుడు మొదట పైకప్పును గూర్చి యాలోచించును. పిమ్మట గోడలను గూర్చి యాలోచించును. తలుపునకు ఇనుపకమ్ములు పెట్టింతమా, వల బిగింతమా యని రెండు దినములు తర్కించును. నేల మాట వచ్చునప్పటికి చేతిలోని సొమ్మును, మనసులోని యోపికయు రెండును తఱిగిపోయి యుండును. "కుక్కయే గదా, ఉన్న మట్టినేల చాలును" అని సరిపెట్టుకొనును. లేదా, ఇల్లు కట్టగా మిగిలిన నాలుగు పలకలను తెచ్చి పఱపించును. ఈ వరుస తలక్రిందులైనదని నా యభిప్రాయము. కుక్క గోడమీద నడువదు, కప్పుమీద పరుండదు. పగలును రాత్రియు అది యుండునది నేలమీదనే. తినుట, నిద్రించుట, మలమూత్రములు విడుచుట, వ్యాధి వచ్చినపుడు మూలుగుట, అన్నియు ఆ నేలమీదనే జరుగవలెను.

కావున నేనీ వ్యాసమున చెప్పదలచిన దొక్కటే. ఆరుబయట కట్టు కుక్కగూటికి నేలయే ప్రధానము. ఆ నేలను మన కంటికింపుగా నున్నదా యని గాక, కుక్క కాలికి పొడిగాను, చల్లగాను, జాఱకుండను ఉన్నదా యని చూచి యెన్నుకొనవలెను.

ఈ సంగతి నేను పుస్తకములలో మొదట నేర్చినది కాదు. మాది పల్నాటిసీమలో నొక గ్రామము. నా చిన్నతనమున మా యింట వీరడను నాటుకుక్క యుండెడిది. మా తండ్రిగారు దానిని ముద్దుగా పెంచి, దొడ్డిలో దానికొక చిన్న యిల్లు కట్టించిరి. వంటయింటికి తెచ్చిన నున్నని పలకలు కొన్ని మిగిలియుండగా వానినే నేలకు పఱపించిరి. తాపీమేస్త్రి నేర్పరి, రసమట్టము పెట్టి వెండ్రుకవాసి తేడా లేకుండ నేలను సమముగా పఱచెను. దొడ్డిలోని వాననీరు లోనికి రాకుండ వాకిట మూడంగుళముల గట్టుకూడ కట్టెను. చూచినవారెల్లరు "కుక్కకు రాజభోగము పట్టినది" అని మెచ్చుకొనిరి.

వీరడు మాత్రము మెచ్చుకొనలేదు. మొదటి వారము లోనికి పోయెను. వానలు పట్టిన పిదప చొరనొల్లదయ్యెను. గొలుసు పట్టి లాగిన నాలుగు కాళ్లు బిగబట్టి నిలిచెడిది. మా తండ్రిగారు దానిని ఈడ్చి లోపల త్రోసి తలుపు వేసెడివారు. నేనును పొగరు పట్టినదని తలచి రెండు మూడు మాఱులు బెత్తముతో కొట్టితిని. ఒక రాత్రి జడివాన కురిసెను. తెల్లవాఱులు అది మూలుగుచునే యుండెను. ఉదయమున తలుపు తీసి చూడగా, గాలివానకు లోనికి కొట్టిన జల్లు వెలుపలికి పోవు దారి లేక, ఆ గట్టు వెనుక రెండంగుళముల లోతున నిలిచియుండెను. దానిలో దాని మూత్రమును కలిసియుండెను. వీరడు ఒక మూల నిలువుకాళ్లమీద వణకుచుండెను. పరుండుటకు పొడి చోటు లేక రాత్రియంతయు నిలిచియే గడపినది.

తరువాత దాని వ్రేళ్లసందులు ఒరసి పుండ్లు పడినవి. నున్నని పలకమీద కాలు జాఱి వెనుక కాలు బెణికినది. మా తండ్రిగారు పశువైద్యుని పిలిపించిరి. ఆయన కుక్కను పరీక్షించి మందు వ్రాయుటకు ముందు, ఒక బిందెడు నీరు తెప్పించి గూటిలో కుమ్మరించి, "అయ్యా, ఈ నీరెక్కడికి పోవలెనో సెలవిండు" అని యడిగెను. మాలో నెవరును సమాధానము చెప్పలేకపోతిమి. నీరెక్కడికిని పోలేదు, మా కన్నులయెదుటనే నిలిచియుండెను. నేను కొట్టిన దెబ్బలు ఆ కుక్కకు తగులవలసినవి కావని నా కపుడు తెలిసినది. అది పొగరు పట్టినది కాదు. తడినేలను గూర్చి తనకు తెలిసిన భాషలో మొఱపెట్టుకొనినది. మాకే యర్థము కాలేదు.

ఇట్లు చెప్పగా కొందఱు నవ్వవచ్చును. "వీథికుక్కల కెవరు నేల పఱచిరి? అవి మట్టిలో బ్రదుకుట లేదా?" అని యడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ ముందునకు పోరాదు. వీథికుక్కను ఒక దినమంతయు గమనింపుడు. ఉదయము ఎండ పొడ తగులుచోట పరుండును. ఎండ ముదిరిన కొలది గోడనీడకును, అక్కడినుండి చెట్టునీడకును జరుగును. మధ్యాహ్నమున మట్టిని గోళ్లతో గీరి, అడుగున చల్లని పొర బయల్పడిన పిదప అందు పొట్ట యానించి పరుండును. వాన వచ్చిన అరుగెక్కును. మలవిసర్జనకు దూరముగా పోవును. అనగా, అది దినమునకు పదిమాఱులు తన నేలను తానే యెన్నుకొనుచున్నది. మనము గొలుసు వేసి, లేదా కమ్ములలో బంధించి, ఆ యెన్నుకొను స్వాతంత్ర్యమును తీసివేసితిమి. కనుక దానికి మాఱుగా ఎన్నుకొనవలసిన బాధ్యత మనమీద పడినది. గొలుసు వేసిన చేయియే నేలయు వేయవలెను. ఇది దయ కాదు, అప్పు తీర్చుట.

ఇక మన దేశమునకు తగిన నేల యెట్టిదో విచారింతము. కుక్కగూటి నేలకు నలుగురు శత్రువులు గలరు: తడి, వేడి, నునుపు, సందు.

మొదటిది తడి. తడినేలమీద చర్మము నానును, పుండ్లు పడును, అంతటితో పోదు. కుక్కల ప్రేవులలో నుండు కొంకిపురుగుల గ్రుడ్లు మలముతో నేలబడి, తేమగల వెచ్చని మట్టిలో పిల్లలై, సుమారొక వారములో మరల దేహములలో ప్రవేశించుటకు సిద్ధమగును. ఇవి నోటిద్వారమునే గాక చర్మమును తొలిచికొనియు ప్రవేశింపగలవు. పిల్లకుక్కల రక్తమును పీల్చి చంపునవి ఇవియే. వట్టికాళ్లతో తిరుగు బాలుర చర్మములోనికిని ఇవి చొచ్చి దురదపుట్టించు చాళ్లను కలిగించును. లెప్టోస్పైరా యను సూక్ష్మజీవి ఎలుకల మూత్రమునను, రోగము తగిలిన కుక్కల మూత్రమునను ఉండును. తడిమట్టిలోను, నిలువనీటిలోను అది చాలదినములు బ్రదుకును. ఎండిన నేలమీద త్వరలోనే చచ్చును. ఈ జ్వరము మనుష్యులకును సోకును. కావున కుక్కకు పొడినేల వేయువాడు తన బిడ్డలకుగూడ మేలు చేసికొనుచున్నాడు.

రెండవది వేడి. మనకువలె కుక్కకు ఒడలెల్ల చెమట పోయదు. పాదములయందు మాత్రము కొంచెము చెమర్చును. ఎండవేళ వేడిని ముఖ్యముగా నాలుక చాచి రొప్పుటచేతనే పోగొట్టుకొనవలెను. పల్నాటిలోని రెంటచింతల వేసవి యెండలకు పేరుపడ్డ యూరు. అట్టి చోట గాలి వేడిమియే 45 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరు దినములు కలవు. ఎండలోని రాయి గాలికంటెను మిక్కిలి కాగును. నల్లనిరాయి మఱింత కాగును. పాదరక్షలు లేని జంతువును అట్టి రాతిమీద కట్టివేయుట పెనముమీద నిలువబెట్టుటయే.

మూడవది నునుపు. గాజుపూత పలకలమీద కుక్క గోళ్లకు పట్టు దొరకదు. పిల్లకుక్కల కాళ్లు ఇరుప్రక్కలకు చీలిపోవును. ముసలికుక్కలు లేచుటకే భయపడును. పైగా తడిసినపుడు ఆ నునుపు రెట్టింపగును.

నాలుగవది సందు. పిడుదులు, అనగా గోమార్లు, కుక్క మీదనే పుట్టి కుక్కమీదనే చచ్చునవని మనలో ననేకులు తలంతురు. అది సరికాదు. గోధుమవన్నె పిడుదు తన జీవితములో ప్రతి దశయందును రక్తము త్రాగి క్రిందికి దిగి, నేలసందులలోను గోడనెఱ్ఱెలలోను దాగును. ఆడుపిడుదు అట్టి నెఱ్ఱెలలోనే వేలకొలది గ్రుడ్లు పెట్టును. అది వ్యాపింపజేయు జ్వరములలో నొకదానిని 1935లో అల్జీరియాలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. నేడు దానిని ఎర్లిఖియోసిస్ అందురు. కుక్కకు ఎంత మందు పూసినను, నేలలోని నెఱ్ఱెలను పూడ్పనిచో పిడుదులు తిరిగి తిరిగి వచ్చుచునే యుండును. అపుడు మందు మంచిది కాదని మనము అంగడివానిని నిందింతుము.

ఈ నలుగురు శత్రువులను దృష్టియందుంచుకొని, వాడుకలోనున్న నేలలను ఒక్కొక్కటిగా తూచి చూతము. మట్టినేల చల్లనిది, మెత్తనిది. కాని మూత్రమును పీల్చుకొనును, వానకు బురదయగును, కడుగ వీలుకాదు. పార్వో యను విషజీవి 1978లో ప్రథమమున గుర్తింపబడినది. అది కుక్కపిల్లలకు రక్తవిరేచనములు కలిగించి చంపును. నేలలో నెలల తరబడి నశింపక యుండును. రాతినేలయైన మందునీటితో కడుగవచ్చును. మట్టిని కడుగు మార్గమేది? గులకఱాళ్ల నేలలో నీరు చక్కగా దిగిపోవును, కాని మలము ఱాళ్లసందున చిక్కుకొనును. కొన్ని కుక్కలు ఱాళ్లను మ్రింగును. చెక్కనేల వెచ్చగా నుండునుగాని మూత్రము త్రాగి కుళ్లును. మన దేశమున చెదపురుగు మిగిలినపని ముగించును. ఇనుపవలను నేలగా పఱచుట కొందఱి యాచారము. శుభ్రముగా నుండునన్న మాట నిజమే; కాని కుక్క వ్రేళ్లు అందు దిగి నలిగిపోవును. ఈ పద్ధతిని నేను పూర్తిగా నిరసించుచున్నాను. రబ్బరు చాపలు కాలికి మెత్తనివే, కాని కుక్క వానిని కొఱికి మ్రింగును. అడుగున తడి నిలుచును. సిమెంటు గచ్చు చవుక, గట్టిది, కడుగ ననుకూలము. అయితే దానికి సన్నని రంధ్రములుండుటచే మూత్రము లోనికింకి వాసన విడువదు. గట్టిగా పూతపూసి, వాలు నిచ్చి పోయించిన సిమెంటు నేలను నేను కాదనను. అది రెండవ స్థానమున కర్హము.

మొదటి స్థానము నా యభిప్రాయమున మన నాపఱాతిది. తాండూరు, బేతంచెర్ల, మాచర్ల ప్రాంతముల నాపబండలు మన తెలుగుదేశమున అనాదిగా ఇండ్లలో పఱచుకొనుచున్నవే. వీనిలో నునుపు పట్టించినవి విడిచి గరుకువానిని, నల్లని కడప బండను విడిచి లేతబూడిదవన్నె వానిని తీసికొనవలెను. గరుకైన ముఖము గోళ్లకు పట్టునిచ్చును. లేతవన్నె వేడిని కొంత తగ్గించును. బండలు పెద్దవగుటచే సందులు తక్కువ. ఉన్న కొద్ది సందులను సిమెంటుతో నిండుగ పూడ్చినచో పిడుదులకు తావుండదు.

పఱచు విధము చెప్పెదను. దొడ్డిమట్టముకంటె అర్ధ అడుగు ఎత్తుగా మెరకపోసి దిమ్మిస చేయవలెను. దానిపై మొరమును, ఇసుకను పఱచి, తడిపి, అణగగొట్టవలెను. ఆ మీద బండలు పఱచునపుడు రసమట్టమును నమ్మి సమముగా పఱపింపరాదు. అదియే మేము చేసిన తప్పు. ప్రతి యడుగునకు పావు అంగుళము చొప్పున వాలు ఉండవలెను. గూడు ఎనిమిదడుగుల పొడవైనచో ఈ చివరకు ఆ చివరకు రెండంగుళముల తేడా యుండునన్నమాట. ఈ లెక్క మన బడి విద్యార్థులకు నోటిమీదనే వచ్చును. ఎత్తైన ప్రక్కను పడక. పల్లపు ప్రక్కను గోడవెంబడి చిన్న కాలువ. ఆ కాలువ వెలుపలికి పోయి, నూతికి దూరముగా త్రవ్విన ఇంకుడుగుంటలో కలియవలెను. వాకిట గట్టు కట్టుట యవసరమైనచో నీరు పోవుటకు తూము విడువక కట్టరాదు.

అయినను ఱాయి ఱాయియే. బరువైన కుక్క దినమెల్ల గట్టినేలమీద పరుండినచో మోచేతులయొద్ద చర్మము కాయకట్టి, నీరుదిగి వాచును. చలికాలమున ఱాయి ఒంటివేడిని లాగివేయును. కాబట్టి పడకచోట ఆఱంగుళముల ఎత్తున ఒక చిన్న చెక్కబల్ల వేయవలెను. అది నేలకు బిగింపక ఎత్తుటకు వీలుగా నుండవలెను. ఏలయన, దాని యడుగునే మురికి దాగును. దానిపై ఉతికి యెండబెట్టిన గోనెసంచి మడిచి వేసిన చాలును. గూటిపై తాటాకు పందిరియో, ప్రక్కను వేపచెట్టు నీడయో తప్పక యుండవలెను. నీడలేని నేల ఎంత మంచి ఱాతిదైనను వేసవిలో నేల కాదు, పొయ్యి. స్థలము గలవారు గూటి వెలుపల నీడపట్టున కొంత మట్టిచోటు విడిచి, సాయంకాలము కుక్కను గొలుసు విప్పి గీరుకొననిత్తురు గాక. అచ్చటి మలమును మాత్రము ఏనాటి కానాడు ఎత్తివేయవలెను. వారము నిలిచినచో కొంకిపురుగు తన పని చేసికొనును.

కడుగుటలోను కొంచెము వివేకము వలయును. నాపబండ సున్నపుఱాతి జాతిది. రసాయనశాస్త్రపు తరగతిలో సున్నపుఱాతిమీద హైడ్రోక్లోరిక్ ఆమ్లము పోసినపుడు నురగ పొంగి ఱాయి కరగుట మీరు చూచియున్నారు. మరుగుదొడ్లు కడుగు ఆమ్లమును గూటినేలపై పోసినచో అదియే జరుగును. ఱాయి గుంటలుపడి ఆ గుంటలలో మురికి చేరును. మొదట మంచినీటితో మూత్రమును పూర్తిగా కడిగివేసి, పిమ్మటనే బ్లీచింగు నీరు చల్లవలెను. మూత్రముతో కలిసినచో ఆ నీటినుండి ఊపిరి కడ్డుపడు ఆవిరి వెలువడును. పది నిమిషములు ఉంచి, మరల మంచినీటితో కడిగి, నేల ఆఱిన తరువాతనే కుక్కను లోనికి విడువవలెను. ఫినాయిలు పోసి యట్లే విడిచినచో, కుక్క తన పాదములను నాకుకొనుట మఱచిపోరాదు.

"ఇంత వ్యయము కుక్కకా?" యని మఱియొక యాక్షేపణ. నేను అధిక వ్యయమును కోరుట లేదు. వ్యయపు వరుసను మార్చుమనుచున్నాను. చిత్రపుపని తలుపునకును, రంగులకును పెట్టు సొమ్ములో కొంత నేలకు పెట్టిన చాలును. బండలు కొనజాలనివాడు మట్టిని మెరకచేసి, వాలు తీర్చి, కాలువ త్రవ్వి, ఒక చెక్కబల్ల వేసినను సగము పని చేసినవాడగును. వాలునకు సొమ్మక్కఱలేదు, ఆలోచన కావలెను. అంతియు చేయజాలనివాడు కుక్కను కట్టివేయకుండుట మంచిది. మన దేశమున జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టము 1960లో ఏర్పడినది. చాలినంత చోటులేని బోనులో జంతువును బంధించుట, మిక్కిలి పొట్టి గొలుసుతో చిరకాలము కట్టివేయుట, తగిన నీడగూడు కల్పింపకపోవుట దానిలోని 11వ సెక్షను ప్రకారము నేరములు. చట్టము వాలును కొలువదు. దానిని కొలుచుట మన మనస్సాక్షి పని.

సుమతీశతకమున శునకమును బంగారు గద్దెమీద కూర్చుండబెట్టిన పద్యమును మనమందఱము చిన్ననాడే వల్లించితిమి. గద్దె యెక్కినను దాని గుణము మాఱదని అందలి నింద. కాని కుక్క యెన్నడును బంగారు గద్దెను మన నడుగలేదు. మా దొడ్డిలోని మెఱుగుపలకలే దానికి మేమిచ్చిన గద్దె. దానిమీదనే అది రాత్రియెల్ల నిలువుకాళ్లమీద వణకినది. అది యడిగినది పొడిగానున్న మూడడుగుల చోటు మాత్రమే.

వీరడి కథ చెప్పక ముగించుట భావ్యము కాదు. మా తండ్రిగారు ఆ పలకలను పెకలించి, మాచర్లబండలు వాలుగా పఱపించి, వాకిటి గట్టునకు తూము పెట్టించిరి. మేస్త్రి తన రసమట్టమును సంచిలోనే యుంచి, బిందెడు నీటితో పని సరిచూచెను. ఆ సాయంకాలము నేను గొలుసు విప్పి నిలిచితిని. దానిని లాగలేదు. వీరడు వాకిట నిలిచి నేలను వాసన చూచి, ఒక కాలు లోపల పెట్టి, కొంతసే పాలోచించి, తానుగా లోనికిపోయి మూడుమాఱులు తిరిగి పరుండెను. నా చేతిలో నాడు బెత్తము లేదు. ఉన్నచో సిగ్గుపడి పాఱవేసియుందును.

విద్యార్థి సోదరులారా! సెలవులకు ఇండ్లకు పోయినపుడు మీరు చేయవలసిన పని యొకటి కలదు. మీ కుక్కగూటిలో ఒక బిందెడు నీరు పోసి, అది యెక్కడికి పోవునో చూడుడు. మిట్టమధ్యాహ్నమున చెప్పులు విడిచి ఆ నేలమీద మీరు కొంతసేపు నిలువుడు. మీ పాదము ఓర్వలేని నేలను కుక్కకు ఇయ్యకుడు. ఈ రెండు పరీక్షలలో నేల తప్పినచో, కుక్కను గద్దింపక మేస్త్రిని పిలువుడు.